చెంగ్ చౌ బన్నుల పండుగకు ఎలా వెళ్లాలి

హాంకాంగ్ నగరపు ఎత్తైన భవనాల పాదాల దగ్గరే పడవల రేవులు వరసగా ఉంటాయి. వాటిలో ఒకదాని దగ్గర పడవ ఎక్కి నైరుతి దిక్కుగా ఇంచుమించు గంటసేపు ప్రయాణిస్తే కార్లు తిరగని ఒక చిన్న దీవి వస్తుంది. పేరు చెంగ్ చౌ. విస్తీర్ణం రెండున్నర చదరపు కిలోమీటర్లకు మించదు. రెండు వైపులా గుట్టలు, మధ్యలో సన్నని నడుము, ఆ నడుము మీద ఊరు. పడమటి వైపు చేపల పడవలు ఆగే రేవు, తూర్పు వైపు ఇసుక తీరం. ఏడాదికోసారి ఈ ఊరివాళ్లు గుడి ముందు కొబ్బరిచెట్టంత ఎత్తున వెదురు గోపురాలు కట్టి, వాటినిండా ఆవిరి మీద ఉడికించిన బన్నులు పేరుస్తారు. పసిపిల్లలు గాలిలో తేలుతున్నట్టు కనిపించే ఊరేగింపు తీస్తారు. మూడు రోజులు మాంసం ముట్టరు. చివరి రాత్రి పన్నెండు గంటలకు బన్నుల గోపురం ఎక్కే పోటీ పెడతారు.

అక్కడికి దారి సులువే. చిక్కంతా వేళ దగ్గర వస్తుంది. పండుగ రోజు మధ్యాహ్నం అందరితోపాటు రేవుకు చేరినవారికి ఉత్సవంలో దక్కేది తక్కువ, క్యూలో గడిచేది ఎక్కువ. అందుకే ఇక్కడ ఎటు వెళ్లాలో చెప్పేటప్పుడల్లా ఎప్పుడు వెళ్లాలో కూడా చెబుతున్నాను.

ముందు తేదీ తేల్చుకోండి

ఈ పండుగ చీనా చాంద్రమానం ప్రకారం నాలుగో నెల ఎనిమిదో రోజున వస్తుంది. వాళ్లకు అమావాస్య రోజునే నెల మొదలవుతుంది కాబట్టి ఎనిమిదో రోజు అంటే దాదాపు శుద్ధ అష్టమి అని గుర్తుపెట్టుకోవచ్చు. ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. 2025లో మే 5న వచ్చింది. 2026లో మే 24, 2027లో మే 13. బుద్ధ జయంతిని హాంకాంగ్‌లో ఇదే రోజున జరుపుకుంటారు, దానికి ప్రభుత్వ సెలవు ఉంది. అంటే నగరవాసులంతా తీరిగ్గా ఉండే రోజునే దీవిలో పండుగ. జనం ఎందుకంత విరగబడతారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పెద్దరోజు ఒక్కటే అయినా తంతు కొన్ని రోజుల ముందే మొదలవుతుంది. గుడి ముందు మైదానంలో వెదురు పందిరి వేసి దేవుళ్ల కోసం హాంకాంగ్ వాడుక భాష అయిన కాంటనీస్‌లో సంగీత నాటకాలు ఆడతారు. కాగితంతో చేసిన నిలువెత్తు దేవతామూర్తులను నిలబెడతారు. వీలైతే పెద్దరోజుకు ఒక రోజు ముందే దీవికి చేరండి. ఈ వ్యాసంలో మీరు ఒక్క సలహానే పాటించదలిస్తే, అది ఇదే కావాలని కోరుకుంటాను. ముందురోజు సాయంత్రం గోపురాల చుట్టూ పనివాళ్లు, వంటశాలల్లో ఆవిరి, సందుల్లో తిరిగే ముసలివాళ్లు కనిపిస్తారు. ఊరు తన పండుగను తన కోసం చేసుకుంటున్నట్టు ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నానికి ఆ దృశ్యం జనం వెనక దాగిపోతుంది.

భారత పాస్‌పోర్టు ఉన్నవారు చేయాల్సిన పని

భారతీయులు హాంకాంగ్‌లో 14 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చు. అయితే బయలుదేరే ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఈ నిబంధన 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. నమోదుకు రుసుము లేదు. హాంకాంగ్ ఇమిగ్రేషన్ శాఖ అధికారిక వెబ్‌సైటులోనే చేయండి. ఇదే పనికి డబ్బు అడిగే సైట్లు ఎదురైతే మూసేయండి. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు సంఖ్య అచ్చం పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ నమోదు పనికిరాదు. అనుమతి వస్తే వచ్చే చీటీని తెల్ల ఎ4 కాగితం మీద ముద్రించి సంతకం పెట్టి వెంట ఉంచుకోండి. అది 6 నెలల పాటు చెల్లుతుంది. అనుమతి రాకపోతే మామూలు వీసాకు దరఖాస్తు చేయాలి, దానికి వారాలు పడుతుంది. అందుకే విమానం టికెట్టు కొనకముందే ఈ పని ముగించండి.

బస ఎక్కడ

దీవిలో ఒక హోటలు, దానికి తోడు అద్దెకిచ్చే చిన్న గదులు ఉన్నాయి. పండుగ రోజులకు అవి చాలా ముందే నిండిపోతాయి, అద్దె కూడా పెరుగుతుంది. దొరికితే అదృష్టం, ముందురోజు సాయంత్రం, అర్ధరాత్రి పోటీ, మర్నాటి ఉదయం అన్నీ కాలినడకన చూడవచ్చు. దొరక్కపోతే హాంకాంగ్ దీవి ఉత్తర తీరంలో షెంగ్ వాన్, సాయ్ యింగ్ పున్ ప్రాంతాల్లో గది చూసుకోండి. అక్కడి నుంచి పడవల రేవు దగ్గర. ట్రాములు, మెట్రో అర్ధరాత్రి దాటాక ఆగిపోయినా టాక్సీకి ఎక్కువ దూరం ఉండదు. సముద్రపాయకు అవతల కౌలూన్‌లో బస చేస్తే రాత్రి తిరుగు ప్రయాణం మరో మెట్టు పెరుగుతుంది.

విమానాశ్రయం నుంచి రేవుకు

విమానాశ్రయం లాంటావు దీవి పక్కన ఉంటుంది. అక్కడి నుంచి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ రైలు 24 నిమిషాల్లో హాంకాంగ్ స్టేషన్‌కు చేరుస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే ఎ11 బస్సు ఎక్కండి, అది షెంగ్ వాన్, నగర నడిబొడ్డైన సెంట్రల్ మీదుగా వెళుతుంది, సమయం మాత్రం రెట్టింపు కంటే ఎక్కువే పడుతుంది. విమానాశ్రయంలోనే ఆక్టోపస్ కార్డు తీసుకోండి. రైలు, బస్సు, ట్రాము, పడవ, చిన్న దుకాణం అన్నింటికీ ఆ ఒక్క కార్డు తాకిస్తే చాలు. మామూలు కార్డుకు 50 హాంకాంగ్ డాలర్ల డిపాజిట్ ఉంటుంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ సొమ్ము వస్తుంది, కొద్ది రోజులకే ఇచ్చేస్తే అందులో కొంత రుసుము తగ్గిస్తారు. కార్డులో డబ్బు పండుగకు ముందురోజే నింపుకోండి. రేవు దగ్గర గేటు ముందు నిలబడ్డాక డబ్బు చాలలేదని తెలిస్తే మళ్లీ క్యూ చివరికి పోవాల్సిందే.

హాంకాంగ్ స్టేషన్ నుంచి బయటికి వచ్చాక సెంట్రల్ పడవల రేవుల వైపు సూచికలు, పైవంతెనలు ఉంటాయి. పది నిమిషాల నడక. అక్కడ జెట్టీలకు అంకెలు ఉంటాయి. మీకు కావాల్సింది 5వది. పక్కనున్న 4వ జెట్టీ లామా దీవికి, 6వది పెంగ్ చౌ, ముయ్ వోలకు, 7వది కౌలూన్‌కు వెళ్లే స్టార్ ఫెర్రీకి. పెంగ్ చౌ, చెంగ్ చౌ పేర్లు వినడానికి దగ్గరగా ఉంటాయి, జెట్టీలు కూడా పక్కపక్కనే. తొందరలో పొరబడకుండా అంకె చూసి లోపలికి వెళ్లండి.

పడవలు రెండు రకాలు. మామూలు పడవకు గంటకు కాస్త తక్కువ పడుతుంది, వేగం పడవకు 35 నుంచి 40 నిమిషాలు. సెలవు రోజుల్లో ఛార్జీ ఎక్కువ, పండుగ రోజు సెలవు దినమే కాబట్టి ఆ ఛార్జీయే వర్తిస్తుంది. నేనైతే మామూలు పడవే ఎక్కమంటాను. వేగం పడవలో అద్దాల గదిలో చల్లగాలిలో కూర్చుంటారు. మామూలు పడవ పై అంతస్తులో వెనక వైపు ఆరుబయట కూర్చునే చోటు ఉంటుంది, దానికి కొద్దిగా ఎక్కువ చెల్లించాలి. ఓడల రద్దీ పలచబడి, ఎడమ వైపున లామా దీవి విద్యుత్ కేంద్రపు మూడు పొడవాటి పొగగొట్టాలు, కుడి వైపున లాంటావు కొండలు కనబడుతుంటే నగరం మెల్లగా వెనక్కి తగ్గుతుంది. ఈ పండుగ సముద్రాన్ని నమ్ముకున్నవాళ్లది. దాని దగ్గరికి సముద్రం మీదుగా, గాలి తగులుతూ వెళ్లడమే బాగుంటుంది.

పెద్దరోజు సెంట్రల్ రేవు కిక్కిరిసిపోతుంది. పడవల సంఖ్య పెంచుతారు, అయినా ఉదయం పది దాటితే నిరీక్షణ తప్పదు. ఎనిమిదిన్నరలోపు పడవ ఎక్కేలా చూసుకోండి. లాంటావు వైపు బస చేసినవారికి మరో దారి ఉంది. తుంగ్ చుంగ్ నుంచి 3ఎం బస్సులో ముయ్ వోకు వెళ్లి, అక్కడ దీవుల మధ్య తిరిగే చిన్న పడవ ఎక్కితే నేరుగా చెంగ్ చౌ చేరవచ్చు. సెంట్రల్ రద్దీ అంటదు. కానీ ఆ పడవలు రోజుకు కొన్నే ఉంటాయి, వేళలు ముందే చూసుకోకుండా అటు వెళ్లకండి.

దీవి మీద దిక్కులు

జెట్టీ నుంచి బయటికి రాగానే మీ ముఖం తూర్పుకు ఉంటుంది. ఎడమకు తిరగండి. సముద్రపు ఒడ్డు వెంట ఉత్తరంగా పది నిమిషాలు నడిస్తే పాక్ తాయ్ గుడి వస్తుంది. 1783లో కట్టిన గుడి అది. పండుగ అంతా దాని చుట్టూనే జరుగుతుంది. చైనాను చింగ్ రాజవంశం ఏలిన కాలంలో దీవిలో మహమ్మారి వ్యాపిస్తే ఊరివాళ్లు పాక్ తాయ్ దేవుణ్ని వేడుకుని, మూర్తులను సందుల్లో ఊరేగించి దుష్టశక్తులను తరిమారని చెప్పుకుంటారు. నేటికీ ఊరేగింపు అదే సందుల్లో సాగుతుంది. ఈ పండుగను చైనా 2011లో జాతీయ స్థాయి వారసత్వ సంప్రదాయాల జాబితాలో చేర్చింది.

ఒడ్డు రోడ్డుకు సమాంతరంగా, ఒక వరస ఇళ్లకు అవతల, శాన్ హింగ్ వీధి, పాక్ షె వీధి ఉన్నాయి. ఇవి ఇరుకు సందులు. జెట్టీకి ఎదురుగా తూర్పుకు వెళ్లే తుంగ్ వాన్ రోడ్డు కొద్ది నిమిషాల్లో ఇసుక తీరానికి చేరుస్తుంది. ఈ మూడు నాలుగు పేర్లు గుర్తుంటే దీవిలో తప్పిపోవడం కష్టం. ఎటు నడిచినా త్వరగానే నీళ్లు కనిపిస్తాయి, మళ్లీ ఒడ్డు వెంట జెట్టీకి రావచ్చు. పెద్దరోజు మాత్రం పోలీసులు కొన్ని సందులను ఒకవైపు నడకకే వదులుతారు. అప్పుడు మ్యాపును నమ్ముకోకుండా వాళ్లు చూపిన దారినే పోండి.

అడగాల్సి వస్తే "మ్ గోయ్" అని మొదలుపెట్టండి. దయచేసి, ధన్యవాదాలు రెండింటికీ ఆ మాట పనికొస్తుంది. "పాక్ తాయ్ మ్యూ" అంటే పాక్ తాయ్ గుడి, "మా తౌ" అంటే రేవు, "పావ్ సాన్" అంటే బన్నుల కొండ. గోపురాన్ని ఊరివాళ్లు కొండ అనే పిలుస్తారు. ఉచ్చారణ తప్పినా వేలు ఎటు చూపాలో వాళ్లకు అర్థమవుతుంది.

గుడి దగ్గర ఒక విషయంలో కొత్తవాళ్లు తరచుగా పొరబడతారు. అక్కడ గోపురాలు రెండు రకాలు. గుడి ముందు నిలబెట్టిన మూడు పెద్ద వెదురు గోపురాల మీదివి నిజమైన బన్నులు, దేవుడికి సమర్పించినవి. వాటిని ఎవరూ ఎక్కరు, పూజలు ముగిశాక జనానికి పంచుతారు. పోటీ జరిగేది పక్క మైదానంలో విడిగా నిలిపిన ఉక్కు గోపురం మీద. వెదురు గోపురాలను పగటి వెలుగులో, ముందురోజైతే ఇంకా మంచిది, తీరిగ్గా చూడండి. ఒక్కొక్క బన్ను మీద ఎర్రని ముద్ర, దగ్గరికి వెళితే పిండి వాసన. ఫొటోలు తీయవచ్చు కానీ పూజారులు తంతు చేస్తున్నప్పుడు వాళ్లకూ పీఠానికీ మధ్య నిలబడకండి.

తిండి సంగతి

శాకాహారులకు హాంకాంగ్‌లో ఇంత సులువైన రోజులు మరి ఉండవు. పండుగ మూడు రోజులూ దీవిలో నియమంగా శాకాహారం తింటారు. సముద్రపు తిండికి పేరున్న భోజనశాలల్లో కొన్ని కూడా కూరగాయల, పుట్టగొడుగు, టోఫు వంటలకు మారతాయి. దీన్ని "జాయ్" అంటారు. అలాగని ఏ పళ్లెం చూసినా నమ్మేయకండి. బయటివాళ్ల కోసం మాంసం, చేపలు అమ్మేచోట్లు ఉండవచ్చు, పైగా మామూలు రోజుల్లో అక్కడి కూరల్లో ఆల్చిప్పల సాస్ వాడకం ఎక్కువ. "సిక్ జాయ్" అని చెప్పి, అంటే శాకాహారం తింటాను అని చెప్పి, అప్పుడు అడగండి.

బన్ను తినకుండా రాకండి. దీన్ని పింగ్ ఓన్ బన్ను అంటారు, పింగ్ ఓన్ అంటే క్షేమం. తెల్లగా, మెత్తగా ఉంటుంది, లోపల తామరగింజల ముద్ద, నువ్వులు లేదా ఎర్ర చిక్కుడుగింజల ముద్ద పెడతారు. పాక్ షె వీధిలోని క్వాక్ కామ్ కీ దుకాణం ఈ బన్నులకు పేరుపొందింది. పెద్దరోజు దాని ముందు క్యూ చాలా దూరం పోతుంది. ఉదయం దీవిలో దిగగానే ముందు అక్కడికి వెళ్లండి, లేదా ముందురోజే కొనండి. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే గట్టిపడుతుంది.

ఊరేగింపు

పెద్దరోజు మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. దీన్ని "పియు సిక్" అని పిలుస్తారు, తేలే రంగులు అని అర్థం. పురాణ వీరుల్లా, రాణుల్లా, ఒక్కోసారి నేటి రాజకీయ నాయకుల్లా వేషం వేసిన చిన్నపిల్లలు జనం తలల మీదుగా గాలిలో నిలబడి వెళుతుంటారు. వాళ్ల దుస్తుల లోపల వంచిన ఇనుప కడ్డీ, చిన్న పీట ఉంటాయి. ఆ పీట మీదే వాళ్లు కూర్చుంటారు, బయటికి కనిపించే చేతి కత్తి అంచు మీదో విసనకర్ర కొస మీదో నిలబడ్డట్టు అనిపిస్తుంది. ఏ వేషం కట్టాలన్నది వీధి సంఘాలు ఊరేగింపు దాకా గుట్టుగా దాచుకుంటాయి. వెంట తల్లిదండ్రులు గొడుగులు, నీళ్లసీసాలతో నడుస్తుంటారు.

చూడటానికి చోటు గురించి నా అభిప్రాయం స్పష్టం. ఒడ్డు రోడ్డు మీద విశాలంగా ఉంటుంది, కానీ పిల్లలు దూరంగా, ఎండలో, చిన్న బొమ్మల్లా కనిపిస్తారు. శాన్ హింగ్ వీధి లాంటి ఇరుకు సందులో గోడకు ఆనుకుని నిలబడితే పిల్లలు మీ తలకు కాస్త పైన, రెండో అంతస్తు కిటికీల ముందుగా కదిలిపోతారు. డప్పులు, తాళాలు గోడలకు తగిలి రెట్టింపు మోగుతాయి. అక్కడ పన్నెండున్నరకల్లా నిలబడాలి. ఒకసారి నిలబడ్డాక కదలలేరు, కాబట్టి నీళ్లు తాగడం, మరుగుదొడ్డికి వెళ్లడం ముందే ముగించుకోండి. గొడుగు తెరిస్తే వెనకవాళ్లకు ఏమీ కనిపించదు, టోపీ పెట్టుకోండి. పసిపిల్లలతో వచ్చినవారు మాత్రం ఆ సందులోకి వెళ్లకుండా ఒడ్డు రోడ్డునే ఎంచుకోవాలి. ఊరేగే పిల్లల ముఖం మీద ఫ్లాష్ వేయకండి.

మే నెలలో ఉక్కపోత ఎక్కువ, ఉరుముల వానలు హఠాత్తుగా వస్తాయి. హాంకాంగ్ అబ్జర్వేటరీ యాప్ ఫోనులో పెట్టుకోండి. వాన హెచ్చరికలు పసుపు, ఎరుపు, నలుపు రంగుల్లో వస్తాయి, నలుపు అన్నింటికంటే తీవ్రం. తుఫాను సంకేతం 8 ఎగిరితే పడవలు ఆగిపోతాయి. అలాంటి సూచన కనిపించగానే, ఏది మిగిలిపోయినా సరే, తిరిగి రేవుకు వెళ్లిపోండి.

అర్ధరాత్రి పోటీ

సాయంత్రం ఆరు తర్వాత సగం జనం తిరుగు పడవల వైపు పోతారు. ఆ సమయంలో తూర్పు తీరానికి వెళ్లి కూర్చోండి. హాంకాంగ్‌కు మొదటి ఒలింపిక్ స్వర్ణం 1996లో తెచ్చిన తెరచాప క్రీడాకారిణి లీ లాయ్-షాన్ ఈ దీవి అమ్మాయే, ఈ దీవి చుట్టూ ఉన్న నీళ్లలోనే సాధన చేసింది.

పోటీ చూసేందుకు మైదానంలోకి ప్రవేశం ఉచితం. టికెట్లు ఆ రాత్రే క్యూలో నిలబడినవారికి ఇస్తారు, సంఖ్య పరిమితం. తొమ్మిదికల్లా మైదానం దగ్గర ఉండండి. దొరకకపోతే లోపలికి తోసుకోకుండా బయట దూరం నుంచి చూడండి, గోపురం ఎత్తుకు చాలా చోట్ల నుంచి కనబడుతుంది.

ఒకప్పుడు ఈ పోటీకి హద్దులేవీ లేవు. కుర్రాళ్లు గుంపులుగా వెదురు గోపురాలు ఎగబాకి, ఎంత పైనున్న బన్ను దక్కితే అంత అదృష్టమని నమ్మేవారు. 1978లో ఒక గోపురం కూలి మనుషులు గాయపడ్డారు. పోటీ ఆగిపోయింది. 2005లో తిరిగి మొదలైనప్పుడు ఉక్కు గోపురం, నడుముకు తాళ్లు, ముందస్తు శిక్షణ వచ్చాయి. ఇప్పుడు గోపురం ఎత్తు 14 మీటర్లు, దాని మీదివి ప్లాస్టిక్ బన్నులు. మూడు నిమిషాల గడువు. పైనున్న బన్నులకు ఎక్కువ పాయింట్లు, కిందివాటికి తక్కువ. అందుకే పోటీదారులు ముందు కొసకు పరుగెత్తి, దిగుతూ సంచి నింపుకుంటారు. చూసేటప్పుడు మొదటి నిమిషం పైన, చివరి నిమిషం కింద కన్ను వేసి ఉంచండి.

పోటీ మాట ఎంత వినబడినా, అంతకుముందు జరిగే తంతును వదులుకోకండి. గుడి దగ్గర నిలిపిన కాగితపు భూతరాజు మూర్తిని ఆ రాత్రి తగలబెడతారు. పండుగ రోజుల్లో దీవికి వచ్చిన ఆత్మలను ఆయన తన వెంట తీసుకుపోతాడని నమ్మకం. మంట లేచినప్పుడు ఊరి పెద్దవాళ్లు మాట్లాడకుండా నిలబడతారు. మీరూ ఫోను దించి నిలబడండి.

తిరుగు ప్రయాణం

పోటీ ముగిశాక అందరూ ఒకేసారి రేవు వైపు నడుస్తారు. ఆ రాత్రి అదనపు పడవలు నడుపుతారు. మామూలు రోజుల్లో కూడా ఈ దారిలో అర్ధరాత్రి దాటాక ఒకటి రెండు పడవలు ఉంటాయి. కాబట్టి కంగారుపడి పరుగెత్తకండి. అరగంట ఆగి, ఒడ్డున ఏదైనా తాగి, క్యూ పలచబడ్డాక వెళ్లినా పెద్దగా ఆలస్యం కాదు. సెంట్రల్‌లో దిగేసరికి మెట్రో ఆగిపోయి ఉంటుంది. పేరు ముందు ఇంగ్లీషు ఎన్ అక్షరం ఉన్న రాత్రి బస్సులు, ఎర్ర టాక్సీలు దొరుకుతాయి. ఒంటరిగా వెళ్లినవారు హోటలు పేరు, చిరునామా చీనా లిపిలో ఫోనులో ఉంచుకుంటే టాక్సీ డ్రైవరుకు చూపించడం తేలిక.

దీవిలోనే బస దొరికినవారు మర్నాడు ఉదయం తొందరపడి బయలుదేరకండి. వెదురు గోపురాల మీది బన్నులు పంచే వేళ అదే. వరసలో నిలబడి ఒకటి తీసుకోండి, ఆ తర్వాత తొమ్మిది గంటల పడవలో కూర్చోవడానికి చోటు బాగా దొరుకుతుంది.